వాన లేని పాట

దిబ్బూరహళ్ళి,
ఆషాఢం, ఆదివారం.

సుజాతక్కకు,

తమ్ముడు అమరనాథ్ నమస్కారాలు. ఇక్కడ నేను, అంబిక, రెండు ఆవులు, షెడ్డు నిండా పట్టుపురుగులు, అందరం క్షేమం. దావణగెరెలో నువ్వు, బావ, ప్రతిమ కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. పంట మీద ఉన్నాం కదా, మల్బరీ ఆకు కోయడానికీ వేయడానికీ పొద్దు చాలడం లేదు. జవాబు ఆలస్యమైందని మూతి ముడుచుకోకు.

నా తెలుగు రాతలో కన్నడ అక్షరాలు దొర్లుతున్నాయని ఎగతాళి చేశావు. దొర్లక ఏం చేస్తాయి? బళ్ళో చదివింది కన్నడ. తెలుగు నేర్పింది నువ్వు, నాయన భజన పుస్తకం ముందు పెట్టి, తప్పు చదివినప్పుడల్లా నెత్తిన మొట్టి. తప్పులుంటే గురువుగారినే అడగాలి. ఇప్పటి కాలంలో ఉత్తరాలేమిటి, మెసేజీలు పెట్టుకోండి మామా అంటుంది ప్రతిమ. ఫోనులో మాట వేలు తగిలితే పోతుంది, కాగితమైతే దిండు కింద ఉంటుంది అని నువ్వు రాసిందే నాకూ సరే. నీకు ఫోనులో గొంతు వినపడదు కాబట్టి నా గొంతు ఈ కాగితం మీదనే రావాలి.

అంబిక మోకాలు ఎట్లుందని అడిగావు. మునుపటి కంటే మేలు. నూనె రాసి కాపడం పెట్టమన్నావని చెప్పాను. "వదినె చెప్తే చేస్తారు, నేను చెప్తే చెయ్యరు" అని ఆ కాపడం కూడా నా చేతే పెట్టించుకుంటోంది.

ఇంక నీ ఉత్తరంలో అసలు సంగతులు రెండు. ఒకటి, చెవి ఆపరేషను మాట ఎత్తవద్దని. డాక్టరు చాలామందికి బాగవుతుందని చెప్పినా, కొందరికి ఆ చెవి పూర్తిగా పోతుందని కూడా చెప్పాడు, ఆ కొందరిలో నేనే ఉంటాను, ఉన్న కాస్త వినికిడి ఎందుకు పోగొట్టుకోవాలి అని రాశావు. దాని గురించి చివర్లో రాస్తాను. రెండోది, "మన పాత పాటలు ఇప్పుడు ఫోనులో దొరుకుతాయంటగా, ఆ వాన పాట కూడా ఉందా? నేను వినలేను, నువ్వు విని రాస్తే చదువుకుంటాను" అని. అందుకే ముందు పాటల గురించే రాస్తాను.

షెడ్డు కడిగే మందు తేవాలని చింతామణికి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నువ్వు అడిగావు కదా అని ఫోను తీసి, మన ఇంగ్లీషు బ్యాండు పేరు 'కాపర్ ఫెర్రీ' అని కొట్టాను. కొట్టగానే వాళ్ళవన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. తర్వాతి కాలంలో వాళ్ళకు పేరొచ్చాక చేసినవి నేను కాలేజీ రోజుల్లో విన్నాను. మెరిసే కోట్లు, పాటపాటకూ కీబోర్డు. బెంగళూరు హోటళ్ళలో ఇప్పటికీ అవే వేస్తారు. వీళ్ళ పని అయిపోయింది అనుకుని అప్పుడే వదిలేశాను. కానీ నువ్వు తెచ్చిన మొదటి మూడు ఆల్బాలనూ విని ముప్పై ఏళ్ళు దాటింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు నిండా పెంచి, మొదటి పాట నుంచి మొదలుపెట్టాను. చింతామణి వచ్చింది కూడా చూసుకోలేదు. కండక్టరు వచ్చి భుజం తట్టి, "ఏమప్పా, దిగవా? బస్సు కోలారుకు పోతాది" అన్నాడు.

అక్కా, ఆ పాడేవాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళంట. నాకు పన్నెండేళ్ళప్పుడు వాడు నాయన ఈడువాడిలా అనిపించేవాడు. ఇప్పుడు వింటే మీసం సరిగ్గా రానివాడి గొంతు. పైకి పోవలసిన చోట వాడికి అందదు. అందలేదని దాచుకోవడం కూడా తెలీదు. తర్వాతి ఆల్బాల్లో అన్నీ అందుతాయి, అందుకేనేమో అవి నాకు పట్టలేదు. ఈ చిన్నవాడి మీద నాకు ఇప్పుడు ఎంత ముద్దు వచ్చిందో చెప్పలేను.

రెండో ఆల్బం మొదటి పాట గుర్తుందా? అది ప్రేమ పాట అని నాకు చెప్పావు. మాటలు తెలీక నమ్మాను. ప్రేమా లేదు, ఏమీ లేదు. ఒకడు వాళ్ళ నాయన పడవను అమ్మేసి, ఇంటికి పోవడానికి మొహం చెల్లక ఊరంతా తిరుగుతాడు. నీకూ అర్థం కాలేదా, లేక చిన్నవాడికి ఎందుకులే అని దాచావా? బోరు ఎండిపోయి కింది చేను అమ్మిన రోజు నేనూ అట్లే సాయంకాలం దాకా శిడ్లఘట్టలో ఊరికే తిరిగాను. ఎవరితోనూ చెప్పలేదు. ఆ పాటకు అర్థం అప్పుడే తెలిసి ఉంటే కాస్త తోడుగా ఉండేది.

డ్రమ్ములు కొట్టేవాడే గొప్ప అని నువ్వు వాదించేదానివి. ఇప్పుడు ఒప్పుకోను. వాడికి తొందర ఎక్కువ, పాట మొదలైనదానికంటే వేగంగా ముగుస్తుంది. ఆ నలుగురినీ పట్టి ఉంచినవాడు లావు తీగల గిటారువాడు. మన టేపు రికార్డరులో వాడొకడున్నట్లే తెలిసేది కాదు. ఆ చిన్న స్పీకరులో అంత లోతు స్వరం పలికేది కాదు కదా. అట్ట మీద ఫొటోలో నలుగురున్నారే, వినిపించేది ముగ్గురేనే అని నేనడిగితే, నాలుగోవాడు మేనేజరు అన్నావు. నీ మేనేజరే నన్ను బస్సు దిగనీయలేదు.

బస్సులో వింటున్నంతసేపూ నేను ఎదురుచూసింది మాత్రం మూడో ఆల్బం చివరి పాట కోసమే. మన వాన పాట. మిగతావాళ్ళంతా ఊరుకుంటే వాడొక్కడే గిటారు పట్టుకుని మెల్లగా పాడతాడు, వెనక సన్నగా వాన. ఇంగ్లీషువాళ్ళ దేశంలో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుందంట, కిటికీ తెరిచి పాడాడేమో అని నువ్వంటే, నేను గొంతు తడుస్తుందేమో అని అడిగాను. తిరుగు బస్సులో ఆ పాట వచ్చింది. వాడు పాడాడు, గిటారు పలికింది. వాన లేదు. మళ్ళీ వేశాను. లేదు. వేరే రికార్డింగు ఉందేమోనని వెతికి అది కూడా విన్నాను. అందులోనూ లేదు. నిజం చెప్తున్నాను, నన్నెవరో మోసం చేసినట్లు ఏడుపు వచ్చింది.

ఇంటికి రాగానే అటక ఎక్కాను. క్యాసెట్టు ఉంది, నాయన భజనల టేపు రికార్డరూ ఉంది, కానీ తిరగదు. మళ్ళీ చింతామణికి మోసుకుపోయి రేడియో రిపేరు పురుషోత్తమ్‌కు ఇచ్చాను. ఆయన బెల్టు మార్చి, "ఇంగా ఇది పెట్టుకోనుండారా అప్పా?" అని నవ్వి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వేశాను. ఆ చివరి పాట వచ్చింది, వెనక వాన కూడా వచ్చింది. నీలాగే స్పీకరు దగ్గర చెవి ఆనించి కూర్చున్నాను. అంబిక బియ్యం ఏరుతూ చేయి ఆపి వింది. నేను గర్వంగా చెప్పాను, చూడు, వాన పడుతుండగా పాడాడు అని.

"ఇది వాన యాడ ఉండాది?" అంది అంబిక. "మీ పురుగులు ఆకు మేస్తాండాయి."

నేను కొట్టిపారేశాను. పుట్టినప్పటి నుంచి పురుగుల మధ్య పెరిగినవాణ్ణి, నాకు తెలీదా అన్నాను.

"మీకు తెలీదు గానీ నాకు తెలుసు. మా నాగరగెరెలో పురుగులు యాడుండాయి? కాపురానికొచ్చిన కొత్తల్లో వాన పడ్తాందని మిరపకాయలు ఎత్తేకి ఉరికితిని. మీ నాయన పడీ పడీ నవ్వె. ఆ చప్పుడు నేను మరస్తానా?"

అప్పుడు నాకు ఆ రోజు పూర్తిగా గుర్తొచ్చింది. చిక్కబళ్ళాపురం హాస్టల్లో నీ గదిలో ఉండే అర్పిత, బెంగళూరు పిల్ల, ఆ క్యాసెట్టును సెలవులకు ఇచ్చింది. నువ్వు తిరిగి వెళ్ళేలోపల మనకొక కాపీ కావాలి. మన టేపు రికార్డరు ఒకటి, గురప్ప మామ ఇంట్లోంచి అడిగి తెచ్చింది ఒకటి. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఒకటి పాడుతుంటే ఇంకొకటి రికార్డు చేసుకోవాలి. బయట చప్పుడు పడకూడదు. ఊళ్ళో తలుపులు కిటికీలు మూసి, జనం రాని చోటు ఏదంటే మన పురుగుల ఇల్లే. అందులోకి సెంటు పూసుకుని రాకూడదు, ఉల్లిపాయ వేయించిన చేతులతో రాకూడదు, పురుగులు జ్వరంలో ఉంటే, అంటే పొర విడవడానికి మేత మాని పడుకున్నప్పుడు, గట్టిగా మాట్లాడకూడదు. నాయన పెట్టిన కట్టుబాట్లు అవి. మన అదృష్టం, అప్పుడు అవి నాలుగో జ్వరం లేచి ఆకలి మీద ఉన్నాయి. నాయన ఆకు కోయడానికి పోయాడు. మనం తట్టల మధ్య బెంచీ వేసి రికార్డు చేశాం.

నువ్వు నన్ను దగ్గకూడదన్నావు, కదలకూడదన్నావు. ఒకచోట నేను తుమ్మాను. ఆ తుమ్ము ఇప్పటికీ టేపులో ఉంది, వెంటనే నువ్వు నా నెత్తిన మొట్టిన చప్పుడూ ఉంది. చివర్లో తలుపు తీసిన చప్పుడు, నాయన గొంతు: "ఏమమ్మా సుజాతా, ఆ పడవోళ్ళు ఇంగా గట్టు చేరలేదా?" ఫెర్రీ అంటే పడవ అని నువ్వు చెప్పినప్పటి నుంచి వాళ్ళను ఆయన పోయేదాకా పడవోళ్ళనే అనేవాడు. ఆ మాట విని నేనూ అంబికా ఇద్దరం నవ్వాం, నవ్వి నేను బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

చూడు అక్కా, మన మొద్దుతనం. గంపల కొద్దీ ఆకు వేసి, ఆ రొదలోనే అన్నం తిని, అందులోనే నిద్రపోయినవాళ్ళం. అది మనకు చప్పుడుగానే తోచలేదు. అందుకే టేపులో వింటే ఎక్కడో ఇంగ్లండులో పడే వాన అనుకున్నాం. ఆ పాట వాళ్ళది సగం, మన పురుగులది సగం. నీ ప్రశ్నకు జవాబు ఇది. వాన పాట ఫోనులో లేదు. అది మన ఇంట్లోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

ఇక్కడితో ఉత్తరం ఆపేసి ఉంటే బాగుండేది. మిగిలింది కూడా రాయాలి.

ఈ పంటలో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. బాగా ఆకలి మీద ఉండే రోజులు. మధ్యాహ్నం ఆకు వేశాక, ఫోను తీసుకుని షెడ్డులోకి పోయాను. ఫోనులో వాన లేని పాట వేసి, కింద మన పురుగుల వాన కలిపి ఒక్కసారి వినాలని. పాట మొదలుపెట్టే ముందు చెవి పెట్టి చూశాను. షెడ్డంతా నిశ్శబ్దం. పురుగులు మేత మానేశాయి, ఏదో రోగం తగిలింది, పంట పోయింది అనుకున్నాను. అంబికను కేకలేసి పిలిచాను. ఏ మందు చల్లాలి, ఎవరికి ఫోను చేయాలి అని తట్టల చుట్టూ తిరిగాను.

ఆమె వచ్చి తట్టల మీదికి వంగి చూసింది.

"ఏమైంది మీకు? సగం ఆకు అప్పుడే అయిపోయి కాడలు మిగిలిండాయి. రొద చెవులు పగలగొడ్తాంది."

"యాడే రొద?" అన్నాను.

ఆమె నా మొహం వైపే చూసింది. నేనూ అప్పుడు తట్టలోకి సరిగ్గా చూశాను. తలలన్నీ ఆడుతున్నాయి, ఆకు అంచులు తరిగిపోతున్నాయి. నా చెవికి ఒక్క చినుకు కూడా చేరలేదు.

చింతామణి డాక్టరు చూసి బెంగళూరుకు పంపాడు. అక్కడి డాక్టరమ్మ కన్నడలో ఓపికగా చెప్పింది. చెవి లోపల బియ్యపు నూక కంటే చిన్న ఎముక ఒకటి ఉంటుందంట. అది కదిలితేనే చప్పుడు లోపలికి పోతుంది. కొన్ని కుటుంబాల్లో అది బిగుసుకుపోతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నాయనకు బోరు మిషన్ల దగ్గర తిరిగి చెవుడు వచ్చిందనుకున్నాం. నీకు ప్రతిమ పుట్టినాక తగ్గితే బాలింతరాలికి చలిగాలి తగిలిందన్నారు. అన్నీ ఒకటేనంట. బస్సు రొదలోనే నాకు మాటలు తేటగా వినిపిస్తాయని చెప్తే, ఈ రోగానికి అది గుర్తే అంది. ఇయర్‌ఫోన్లలో పాట అంత బాగా వినిపించింది కూడా నేను సౌండు నిండా పెట్టడం వల్లే. అంబిక దాన్ని పక్కగదిలోంచి వింటుందంట, ఇన్నాళ్ళూ చెప్పలేదు.

కాబట్టి పైన అందరం క్షేమం అని రాసిందాంట్లో ఒక అబద్ధం ఉంది. నన్ను క్షమించు.

నీ పరీక్ష కాగితాలు కూడా ఆమెకు చూపించాను. ప్రతిమను తిట్టవద్దు, నేనే అడిగి ఫోనులో తెప్పించుకున్నాను. నీకింకా సమయం ఉంది కానీ ఎక్కువ లేదంది. లోపలి నరం కూడా పాడైతే ఆ తర్వాత ఆపరేషను చేసినా లాభం ఉండదంట. ఇది నీకు చెప్పకుండా ఉండలేను. చెప్పాను, అంతే.

నాకు శ్రావణంలో ఆపరేషను. ఈ పంట పట్టుగూళ్ళు మార్కెట్టుకు వేసిన వెంటనే. కుడి చెవి ముందు. పోతే పోతుందేమో అని నువ్వు రాసిన భయం నాకూ ఉంది అక్కా. అంబిక ముందు ధైర్యంగా తిరుగుతున్నాను, షెడ్డులోకి పోతే మాత్రం తట్టలకు చెవి పెట్టి చూసుకుంటున్నాను. అయినా ఏది జరిగినా ముందు నాకే జరగనీ, అది చూసి నీ దారి నువ్వు తేల్చుకో.

ఇంకొక్కటి మిగిలింది. ఇది రాయడానికి చేయి రాకే ఇంతసేపు పాటల చుట్టూ తిరిగాను.

పోయిన ఏడాది మీ ఇంటికి వచ్చినప్పుడు, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ నువ్వు నాతో చాలాసేపు మాట్లాడావు. చెవులు మందగించినప్పటి నుంచి నీ గొంతు మెత్తబడింది, మాట పెదవుల దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకున్నావు. నేను తల ఊపుతూ ఉన్నాను. చివర్లో ఏదో అడిగినట్లు నా వైపు చూశావు. "అట్లే చేద్దాంలే అక్కా" అన్నాను. నువ్వు నా చేయి రెండు చేతులతో పట్టుకున్నావు. కింద బావ పిలిస్తే దిగిపోయాం.

ఆ రోజు నాకు ఒక్క మాట కూడా వినపడలేదు. నువ్వు మరీ మెల్లగా మాట్లాడుతున్నావనుకున్నాను, తప్పు నా చెవులదని తెలీదు. చెవులు సరిగ్గా వినపడని అక్కను పట్టుకుని గట్టిగా చెప్పు అనడానికి మనసు ఒప్పలేదు. దేనికి సరే అన్నానో నాకు తెలీదు. నేను చేస్తానన్న పని కోసం నువ్వు ఏడాదిగా చూస్తున్నావేమో, చూసి చూసి వీడు కూడా ఇంతే అనుకున్నావేమో. ఆ ఆలోచన నన్ను తినేస్తోంది.

దాన్ని రాసి పంపవద్దు. ఆపరేషను చేయించుకో అని నేను ఇంకెప్పుడూ రాయను. కానీ నాకు కట్టు విప్పే రోజుకు బెంగళూరు రా. నా కుడి పక్కన కూర్చుని, ఆ రోజు చెప్పిందంతా మొదటి నుంచి చెప్పు. గొంతు పెంచవద్దు, నీకు ఎట్లా వస్తే అట్లే చెప్పు. వినపడితే వింటాను, చేస్తానన్నది చేస్తాను. వినపడకపోతే, ఈసారి తల ఊపను అక్కా.

ఇట్లు,
నీ చేతి మొట్టికాయలు తిన్న తమ్ముడు,
అమర